జర్నలిజం పట్టా ఎక్కడికి చేరుస్తోంది?

తెలుగు పత్రికలో గానీ చానల్లో గానీ పనిచేయాలంటే జర్నలిజం పట్టా ఉండి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. వకీలు కావాలంటే లా చదివి బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకోవాలి. బడిలో పాఠం చెప్పాలంటే బీఈడీయో డీఈడీయో కావాలి. మందుల దుకాణం తెరవాలన్నా ఫార్మసీ చదివిన మనిషి ఉండాలి. విలేకరికి అలాంటి నిబంధన ఏదీ లేదు. అయినా ప్రజల సొమ్ముతో నడిచే విశ్వవిద్యాలయాల్లో ఈ చదువు కొనసాగుతూనే ఉంది. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, నాగార్జున, శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయాలు, తెలుగు విశ్వవిద్యాలయం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం అన్నీ జర్నలిజం పాఠాలు చెప్పినవే. సీపీగెట్, ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్షలు రాసి ఏటా కొత్త విద్యార్థులు చేరుతున్నారు. చేరే ముందు ఇంట్లో అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది చదివితే ఉద్యోగం వస్తుందా? దీనికి రెండు జవాబులు వినిపిస్తుంటాయి. న్యూస్‌రూమ్‌లో తల పండినవారు ఆ చదువుతో పనిలేదు, పని చేస్తే పనే నేర్పుతుంది అంటారు. శాఖల అధ్యాపకులు తమ పూర్వ విద్యార్థుల్లో పేరు తెచ్చుకున్న కొందరిని చూపిస్తారు. రెండూ అడిగిన ప్రశ్నకు జవాబులు కావు. ఈ చదువు విలువను మొదటి ఉద్యోగంతో కొలవడం తప్పని నా వాదన. ఆ కొలత సరైనది కాదన్న మాటను అడ్డం పెట్టుకుని, చదివినవాళ్ళు ఏమయ్యారో అసలు లెక్కే చెప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

పత్రికలకూ విశ్వవిద్యాలయాలకూ మధ్య ఈ దూరం ఎలా వచ్చిందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. జర్నలిజానికి ప్రపంచంలోని తొలి ప్రత్యేక కళాశాలల్లో ఒకటి 1908లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో మొదలైంది. పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ ఇచ్చిన విరాళంతో కొలంబియా విశ్వవిద్యాలయంలో 1912లో మరొకటి వచ్చింది. మన దేశంలో అనీబిసెంట్ 1920 ప్రాంతంలో అడయారులోని జాతీయ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయత్నం చేశారు. నిలదొక్కుకున్న కోర్సు 1941లో లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో ప్రారంభమైంది. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు, కలకత్తా, మైసూరు, నాగపూరు వరుసగా ఆ బాట పట్టాయి. ఉస్మానియాలో శాఖ ఏర్పడింది 1954లో. మొదటి ప్రెస్ కమిషన్ తన నివేదిక ఇచ్చిందీ ఆ ఏడాదే. అప్పటి పాఠ్యప్రణాళికల మీద అమెరికన్ ముద్ర బలంగా ఉంది. బోధన ఇంగ్లీషులో. ఎదుట ఉన్న నమూనా ఇంగ్లీషు దినపత్రిక. ఆనాటికి తెలుగు దినపత్రికల్లో పెద్దవైన ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ మద్రాసు నుంచే వెలువడుతున్నాయి. వాటిలో పనిచేసే వారి సంఖ్య స్వల్పం. వాళ్ళు సాహిత్యం నుంచో జాతీయోద్యమం నుంచో వచ్చినవారు. శాఖ స్థాపకులు తెలుగు పత్రికారంగాన్ని ఎందుకు పట్టించుకోలేదని ఇవాళ నిలదీయడం న్యాయం కాదు. వాళ్ళు పట్టించుకోవాల్సినంత పెద్ద రంగం అప్పటికి లేదు.

ఆ రంగం పెరిగింది తరువాత. 1974 ఆగస్టులో విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. 1989లో జిల్లాకొక అనుబంధం తెచ్చే పద్ధతి వచ్చింది. మిగతా పత్రికలూ అదే దారిన నడిచాయి. ఆస్ట్రేలియన్ పరిశోధకుడు రాబిన్ జెఫ్రీ 2000లో ప్రచురించిన పుస్తకంలో భారతీయ భాషల పత్రికల విస్తరణకు తెలుగునేలను ముఖ్య ఉదాహరణల్లో ఒకటిగా చూపించారు. జిల్లా పేజీలు నింపాలంటే మండలానికొక విలేకరి, జిల్లాకొక డెస్క్ కావాలి. ఒక్కసారిగా వందలమంది అవసరం పడింది. వాళ్ళు తెలుగులో వేగంగా, తప్పుల్లేకుండా, ఆ పత్రిక శైలిలో రాయగలగాలి. పదుల సీట్లతో, ఇంగ్లీషు పాఠాలతో నడిచే విశ్వవిద్యాలయ శాఖ ఆ అవసరం తీర్చలేకపోయింది. ఎంత త్వరగా మారగలిగి ఉండేదో అంత త్వరగా మారలేదు కూడా. అందుకే పత్రికలు సొంత బడులు పెట్టుకున్నాయి. ఏ డిగ్రీ ఉన్నా సరే, తెలుగు, అనువాదం, లోకజ్ఞానం మీద పరీక్ష పెట్టి ఎంపిక చేసుకున్నాయి. శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇచ్చి, ముగిశాక సంస్థలో కొంతకాలం పనిచేయాలన్న షరతు పెట్టాయి. ఒక పేద డిగ్రీ విద్యార్థి కోణంలో చూడండి. ఒకవైపు ఫీజు కట్టి రెండేళ్ళు చదవాల్సిన ఎం.ఏ., మరోవైపు నెలనెలా కొంత చేతికిస్తూ ఉద్యోగం చూపించే బడి. ప్రతిభ ఎటు మళ్ళుతుందో వేరే చెప్పనక్కర లేదు. ఈ బడుల మేలును తక్కువ చేయలేం. తెలుగు వార్తాభాషను సూటిగా, సామాన్యుడికి అందేలా తీర్చిదిద్దడంలో వాటి పాత్ర పెద్దది. కానీ ఒక సంస్థ పెట్టిన బడి ఆ సంస్థ అవసరాల మేరకే నేర్పుతుంది. యజమాని ప్రయోజనానికీ వార్తకూ మధ్య ఘర్షణ వచ్చినప్పుడు ఏం చేయాలన్న పాఠం అక్కడ చెప్పమని ఆశించలేం.

ఫలితంగా తెలుగు పత్రికల ప్రధాన ద్వారం విశ్వవిద్యాలయం వైపు తెరుచుకోలేదు. ఎం.ఏ. జర్నలిజం చేసినా న్యూస్‌రూమ్‌లో కొలువు రావడం లేదనే ఆరోపణలో సగం ఈ చరిత్రే. మిగతా సగం జీతం. ఈ విషయం మీద పైపైన మాట్లాడి వదిలేయడం మన చర్చల్లో అలవాటు. మండల స్థాయి కంట్రిబ్యూటర్ జీతగాడు కాడు. అచ్చయిన పంక్తుల లెక్కన వచ్చే లైన్ అకౌంటే అతని రాబడి. చాలాచోట్ల అది పెట్రోలుకూ చాలదు. దానికి తోడు పండగలకూ, నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తెచ్చే బాధ్యత. వార్త రాయాల్సిన నాయకుడి దగ్గరే ప్రకటన అడగాల్సి వచ్చినప్పుడు ఆ వార్త ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. టీవీ స్ట్రింగర్ పరిస్థితీ ఇంతే. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం రక్షణ కల్పించింది జర్నలిజమే ప్రధాన వృత్తిగా ఉన్నవారికి. కంట్రిబ్యూటర్‌కు వేరే జీవనాధారం ఉందని చూపిస్తే ఆ రక్షణ అతని దాకా రాదు. ఆ చట్టం పరిధిలోకి వచ్చే డెస్క్ ఉద్యోగులకైనా పూర్తి న్యాయం జరిగిందా అంటే అదీ లేదు. మజీఠియా వేతన సంఘం సిఫార్సులను కేంద్రం 2011 నవంబరులో నోటిఫై చేసింది. యాజమాన్యాలు సవాలు చేస్తే 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సిఫార్సులనే సమర్థించింది. అయినా అమలు కోసం దేశమంతటా జర్నలిస్టులు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్‌లు 1955 చట్టాన్నే తమలో కలిపేసుకున్నాయి. అదే ఏడాది కొవిడ్ పేరుతో పత్రికలు పేజీలు కుదించి, ఉద్యోగాలు తగ్గించాయి. ఇలాంటి సంత ముందు నిలబడి పట్టభద్రుడికి ఉద్యోగం రాలేదంటే తప్పు పాఠ్యప్రణాళికదే అనడం రోగం ఒకచోట ఉంటే మందు మరోచోట రాయడమే.

మరి చదివినవాళ్ళు ఎటు వెళుతున్నారు? పేర్లూ అంకెలూ ఎవరూ ప్రచురించకపోయినా దారులు మాత్రం తెలిసినవే. ప్రభుత్వ సమాచార పౌర సంబంధాల శాఖలో ఏపీఆర్వో, డీపీఆర్వో పోస్టులున్నాయి. ప్రకటన ఎప్పుడో గానీ రాదు, వస్తే జర్నలిజం అర్హతకు విలువ ఉంటుంది. ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీసు గ్రూప్-బి పోస్టులకు యూపీఎస్సీ జర్నలిజంలో డిప్లొమా గానీ డిగ్రీ గానీ అడుగుతుంది. ఆకాశవాణి, దూరదర్శన్‌లలో శాశ్వత కొలువులు తగ్గి క్యాజువల్ పనులు మిగిలాయి. యూజీసీ నెట్‌లో మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం ఒక సబ్జెక్టు. జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, పరిశోధన, ఆ తరువాత అధ్యాపక వృత్తి. ఆసుపత్రులు, రియల్ ఎస్టేట్ కంపెనీలు, కార్పొరేట్ కళాశాలలు పీఆర్ మనుషులను తీసుకుంటున్నాయి. రాజకీయ పార్టీల సోషల్ మీడియా బృందాలు ఎన్నికల ఏడాదిలో పెద్ద సంఖ్యలో కుర్రాళ్ళను చేర్చుకుంటాయి. సినిమా, ఓటీటీ, యూట్యూబ్ చానళ్ళు, స్వచ్ఛంద సంస్థలు, వార్తల నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్‌చెక్ సంస్థలు ఇంకొన్ని దారులు. 2017 అక్టోబరులో బీబీసీ తెలుగు, 2019లో ఈటీవీ భారత్ వచ్చినప్పుడు తెలుగులో డిజిటల్ వార్తల పని మరికొంత పెరిగింది. పత్రికలో రిపోర్టర్‌గా చేరడం వీటన్నిటిలో ఒకటి మాత్రమే.

ఇలా చెల్లాచెదురవడం మన ఒక్కరి సమస్య కాదు. అమెరికాలో జర్నలిజం పట్టభద్రుల గమ్యాల మీద జార్జియా విశ్వవిద్యాలయంలో లీ బెకర్ బృందం ఏళ్ళ తరబడి ఏటేటా సర్వే చేసింది. 2013లో పట్టా పుచ్చుకున్నవారి దాకా ఆ వరుస సాగింది. ప్రకటనలు, పౌరసంబంధాలు, ఇతర రంగాలు ఎంతమందిని లాక్కుంటున్నాయో అక్కడ ఏటికేడు కళ్ళకు కట్టింది. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం జర్నలిజం ప్రధాన విషయంగా చదివినవారిలో రిపోర్టర్లుగా, ఎడిటర్లుగా, వార్తా విశ్లేషకులుగా స్థిరపడుతున్నది సుమారు 15 శాతమే. ప్యూ పరిశోధన కేంద్రం లెక్కల్లో అమెరికన్ దినపత్రికల న్యూస్‌రూమ్ ఉద్యోగాలు 2008లో 71,000 ఉంటే 2020 నాటికి 31,000కు పడిపోయాయి. ఇంత బలమైన వ్యవస్థలున్న చోటే ఇలా ఉంటే, జర్నలిజం చదివినవాళ్ళంతా జర్నలిస్టులు కావాలన్న లెక్క ఎక్కడా నిలవదు. చరిత్ర చదివినవాళ్ళంతా చరిత్రకారులు కాలేదని ఆ శాఖను మూసేయమని ఎవరూ అడగరు. వినడం, అడగడం, రాయడం, అనుమానించి సరిచూసుకోవడం వచ్చిన మనిషి ఏ ఆఫీసులోనైనా పనికొస్తాడు. అమెరికాకూ మనకూ తేడా వేరేచోట ఉంది. వాళ్ళకు తమ 15 శాతం తెలుసు. మన దగ్గర అది 5 శాతమో 50 శాతమో తేల్చే అంకె ఏ శాఖ ప్రకటనలోనూ కనబడదు.

ఇక ఈ చర్చలో ఎక్కువమంది పక్కన పెట్టేసే విషయానికి వస్తాను. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎవరు చదువుతున్నారు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఫలితాల గురించి మాట్లాడితే అది సగం మాటే. 2006లో అనిల్ చమడియా, జితేంద్రకుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాధికారం ఉన్న 315 మంది వివరాలు సేకరించారు. అందులో 71 శాతం హిందూ అగ్రవర్ణ పురుషులు. దళితుడు గానీ ఆదివాసీ గానీ ఒక్కరూ లేరు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనం 121 నాయకత్వ స్థానాలను పరిశీలిస్తే 106 చోట్ల అగ్రవర్ణాలవారే ఉన్నారు. ఎస్సీ, ఎస్టీల నుంచి అప్పటికీ సున్నా. పదమూడేళ్ళలో దేశంలో చానళ్ళు పుట్టుకొచ్చాయి, పత్రికలు విస్తరించాయి, వెబ్‌సైట్లు వచ్చాయి. కుర్చీల్లో కూర్చున్నవారు మాత్రం మారలేదు. వార్తాసంస్థల నియామకాల్లో రిజర్వేషన్ లేదు. పరిచయాలూ, ఇంగ్లీషూ, జీతం లేకుండా ఇంటర్న్‌షిప్ చేయగల స్తోమతా అక్కడ పనిచేస్తాయి. లక్షల ఫీజు తీసుకునే ప్రైవేటు మీడియా కళాశాలలు ఈ కొరతను తీర్చలేవు. రిజర్వేషన్ రోస్టర్ ప్రకారం సీట్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్, హాస్టల్ ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయమొక్కటే ఆదిలాబాద్ గూడెం నుంచో, పాడేరు నుంచో, అనంతపురం కరువు పల్లె నుంచో వచ్చిన మొదటి తరం విద్యార్థిని జర్నలిజం తరగతిలో కూర్చోబెట్టగలదు. తెలంగాణ ఉద్యమ కాలంలో ఉస్మానియా ఆవరణ ఎలా మారుమోగిందో చూసినవారికి ఆ విద్యార్థులకు చెప్పాల్సిన సంగతులున్నాయో లేదో సందేహం ఉండదు. ఆ గొంతు న్యూస్‌రూమ్ దాకా చేరిందా, మధ్యలో ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఈ చదువు ఫలితాల్లో అన్నిటికంటే ముఖ్యమైన లెక్క.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటవేయకూడదు. పీజీలో చేరేవారిలో కొందరు హాస్టల్ గది కోసం, గ్రంథాలయం కోసం, గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే రెండేళ్ళ వెసులుబాటు కోసం చేరుతున్నారని ఆవరణలో అందరికీ తెలుసు. అలాంటప్పుడు జర్నలిజం శాఖ సామాజిక న్యాయం చేస్తోందని చెప్పడం అతిశయోక్తి కాదా? కొంతవరకు నిజమే. నేను ఆ విద్యార్థులను తప్పుపట్టను. పల్లెలో చదువుకోడానికి చోటు లేని మనిషి దొరికిన చోటు వాడుకుంటాడు. నాకు కనిపించే తప్పు మరొకటి. జర్నలిజం కోసమే వచ్చినవాడూ రెండో సంవత్సరానికల్లా పోటీ పరీక్షల పుస్తకం పట్టుకుంటున్నాడంటే, మొదటి సంవత్సరంలో మనం అతనికి ఏం చూపించాం? ఈ వృత్తిలో భవిష్యత్తు లేదని అతను ఎక్కడ, ఎప్పుడు తేల్చుకున్నాడు? చేరినవారిలో ఎంతమంది జర్నలిజం వైపు వెళ్ళాలనుకున్నారు, చివరికి ఎంతమంది ఆ కోరిక వదులుకున్నారు అన్నది అడిగి రాసుకుంటేనే దొరికే సమాచారం. అడగడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

మహా సంపాదకులు ఏ జర్నలిజం కళాశాలలో చదివారు అనే మాట రెండో అభ్యంతరం. ముట్నూరి కృష్ణారావు, కాశీనాథుని నాగేశ్వరరావు, నార్ల వెంకటేశ్వరరావు పేర్లు వెంటనే వస్తాయి. 1926లో గోలకొండ పత్రిక స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి న్యాయశాస్త్రం చదివినవారు. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరే పెట్టింది. వీళ్ళెవరికీ జర్నలిజం పట్టా లేదు. నిజం. కానీ వీళ్ళు చదువు లేకుండా వచ్చినవారు కారు. న్యాయశాస్త్రం, సంస్కృతాంధ్రాలు, ఇంగ్లీషు, చరిత్ర, దేశ రాజకీయాలు కొట్టినపిండి చేసుకున్నవారు. ఉద్యమమే వాళ్ళకు శిక్షణాలయం. వాళ్ళలో కొందరికి స్వయంగా పత్రిక పెట్టగల స్తోమత ఉంది. ఆ చదువూ ఆ సంస్కారమూ కుటుంబం నుంచో ఉద్యమం నుంచో అందని ఈ తరం విద్యార్థికి వాటిని అందించే చోటు ఎక్కడో ఒకటి ఉండాలి కదా. సురవరం వారి పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ నడుస్తున్నదంటే ఆ శాఖ మీద ఆ పేరు మోపే బాధ్యత కూడా ఉంది.

మూడోది పాఠ్యప్రణాళిక మీద విమర్శ. కమ్యూనికేషన్ సిద్ధాంతాలు, షానన్-వీవర్ నమూనా, మెక్లూహన్ సూత్రాలు బట్టీపట్టి వస్తారు, ఎఫ్ఐఆర్ చదవడం రాదు అని డెస్క్ ఇన్‌చార్జిలు అంటారు. ఈ విమర్శలో బలం ఉంది. గ్రామ పంచాయతీ బడ్జెట్ చదవడం, సమాచార హక్కు దరఖాస్తు రాయడం, రిమాండ్ రిపోర్టులో పోలీసు చెప్పినదాన్నీ రుజువైనదాన్నీ వేరుచేయడం, ఒక సర్వే శాంపిల్ ఎంతో అడగడం, పరువునష్టం చట్టం ఎక్కడ వర్తిస్తుందో తెలియడం, ఇంగ్లీషు జీవోను సామాన్యుడికి అర్థమయ్యే తెలుగులోకి మార్చడం ఇవన్నీ ప్రతి విద్యార్థికీ చేత్తో చేసి రావాలి. కానీ దీనికి విరుగుడుగా విశ్వవిద్యాలయాన్ని పత్రికల శిక్షణ కేంద్రంలా మార్చమంటే నేను ఒప్పుకోను. శీర్షిక పెట్టడం, పేజీ కట్టడం, బులెటిన్ రాయడం ఏ సంస్థ అయినా మూడు నెలల్లో నేర్పుకోగలదు. చట్టం, గణాంకాలు, చరిత్ర, నైతికత కలిపి ఒక వార్తను అనుమానించడం నేర్పడానికి రెండేళ్ళు కావాలి, తీరిక కావాలి, యజమాని కానివాడు గురువుగా కావాలి. అసలు ఇబ్బంది ఆ గురువు దగ్గరే మొదలవుతోంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ళ తరబడి శాశ్వత నియామకాలు లేక శాఖలు ఒకరిద్దరు ప్రొఫెసర్లతో, మిగతా అంతా గెస్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో సాగుతున్నాయి. వచ్చే ఏడాది తన కొలువు ఉంటుందో లేదో తెలియని అధ్యాపకుడు పాఠ్యప్రణాళికను తిరగరాసే ధైర్యం ఎక్కడినుంచి తెచ్చుకుంటాడు?

మిస్సోరి నుంచి నేర్చుకోవాల్సింది ఇక్కడ ఉంది. అదీ మన ఉస్మానియాలాగే ప్రభుత్వ విశ్వవిద్యాలయం. 1908 సెప్టెంబరులో తరగతులు మొదలైన నాడే విద్యార్థుల పత్రిక కూడా వెలువడింది. నేటికీ అక్కడి విద్యార్థులు ఆ విశ్వవిద్యాలయం ఉన్న కొలంబియా పట్టణ ప్రజల కోసం నిజమైన పత్రికకు రాస్తారు, విశ్వవిద్యాలయం సొంతమైన టీవీ స్టేషన్లో పనిచేస్తారు. వైద్య కళాశాలకు బోధనాసుపత్రి ఎలాగో వాళ్ళకు ఆ పత్రిక అలాగ. ప్యూ కేంద్రం 2022లో లెక్కించినప్పుడు అమెరికా రాష్ట్ర శాసనసభల వార్తలు రాసే విలేకరుల్లో 11 శాతం విద్యార్థులేనని తేలింది. మన శాఖల్లోనూ విద్యార్థులు రాసే ల్యాబ్ జర్నళ్ళు ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి 90.4 ఎఫ్ఎంలో బోల్ హైదరాబాద్ అనే రేడియో ఉంది. ఆవరణ గోడ దాటి పాఠకుడి ఇంటికి చేరి, తప్పు రాస్తే ఆ పాఠకుడు వచ్చి నిలదీసే స్థాయికి ల్యాబ్ జర్నల్ ఎదగాలి. జిల్లా పత్రికల్లో పేజీలు తగ్గిపోయి గ్రామసభలు, జడ్పీ సమావేశాలు, వార్డు కమిటీలు, వినియోగదారుల కమిషన్లు వార్త లేకుండా జరిగిపోతున్న రోజులివి. ఒక్కో విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న ఒక్క జిల్లాను ఎంచుకుని విద్యార్థులు రెండేళ్ళ పాటు ఆ వార్తలు రాస్తే, పట్టా చేతికొచ్చేనాటికి ప్రతి ఒక్కరి దగ్గరా చూపించుకోదగ్గ పని ఉంటుంది. ఆ పనికి నెలకు ఎంతోకొంత భృతి ఇవ్వాలి. ఇంజినీరింగ్ అప్రెంటిస్‌కు ఇచ్చినప్పుడు ఇక్కడ ఎందుకు ఇవ్వకూడదు?

జర్నలిజం పట్టాను చట్టంతో తప్పనిసరి చేస్తే సమస్య తీరుతుందని కొందరి నమ్మకం. ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడిగా ఉన్న జస్టిస్ మార్కండేయ కట్జూ 2013లో కనీస అర్హతలు సూచించమని ఒక కమిటీని కూడా వేశారు. బ్రెజిల్‌లో అలాంటి నిబంధన సైనిక ప్రభుత్వ కాలం నుంచి ఉండేది. భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని 2009లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం కొట్టేసింది. మన రాజ్యాంగం 19వ అధికరణం ముందూ ఆ నిబంధన నిలవడం కష్టం. అది అలా ఉంచి, పట్టా తప్పనిసరి అన్న మరునాడే సర్టిఫికెట్లు అమ్మే దుకాణాలు వెలుస్తాయి, పదో తరగతితో ఆగిపోయినా తన మండలం గురించి అందరికంటే బాగా తెలిసిన విలేకరి బయటికి పోతాడు. చదువు తన విలువను తానే రుజువు చేసుకోవాలి.

రుజువు చేసుకోవాల్సిన అవసరం ఇప్పుడు మరీ ఎక్కువైంది. 2023లో ఒక తెలుగు చానల్ మాయ అనే కృత్రిమ మేధ యాంకర్‌ను తెరమీదికి తెచ్చింది. ఏజెన్సీ కాపీని తెలుగులోకి తేవడం, క్లుప్తంగా రాయడం, శీర్షికలు ఇవ్వడం ఇవాళ యంత్రం చేసి పెడుతోంది. తెలుగు మాధ్యమంలో చదివినవాడు డెస్క్‌లోకి అడుగుపెట్టే మొదటి మెట్టు ఆ అనువాదమే. ఆ మెట్టు అరిగిపోతోంది. మనిషి వెళ్ళి చూసి, అడిగి, కాగితం తెచ్చి, సరిచూసి రాయాల్సిన పని మాత్రం యంత్రానికి అందనిది. విశ్వవిద్యాలయాలు ఏది నేర్పాలో ఈ మార్పే తేల్చేసింది.

ఇక లెక్కల సంగతి. మన దగ్గర అంకెలు సేకరించే వ్యవస్థలు లేకపోలేదు. ఉన్నత విద్య మీద కేంద్రం జరిపే ఏఐఎస్‌హెచ్ఈ సర్వే జర్నలిజంలో ఎంతమంది చేరారో, ఎంతమంది ఉత్తీర్ణులయ్యారో చెబుతుంది. ఆ తరువాత ఏమయ్యారో చెప్పదు. 2016 నుంచి ర్యాంకులు ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్‌కు విశ్వవిద్యాలయాలు ప్లేస్‌మెంట్లు, మధ్యస్థ జీతం ఏటా సమర్పిస్తాయి. అయితే ఆ వివరాలు కోర్సు కాలవ్యవధిని బట్టి రెండేళ్ళ పీజీలన్నీ ఒకే పద్దులో ఉంటాయి. రసాయనశాస్త్రం, ఎంబీఏ, జర్నలిజం అన్నీ కలిసిపోయిన ఆ మధ్యస్థ జీతం చూసి జర్నలిజంలో చేరాలనుకునే విద్యార్థి తెలుసుకోగలిగేది శూన్యం. బ్రిటన్‌లో చదువు ముగిసిన 15 నెలలకు ప్రతి పట్టభద్రుడినీ పలకరించే సర్వే ఉంది. ఏ విశ్వవిద్యాలయంలో ఏ కోర్సు చదివినవారు ఏం చేస్తున్నారో దాని ద్వారా బయటికి వస్తుంది. జర్నలిజం లాంటి వృత్తికి 15 నెలలు కూడా చాలవు. మొదటి ఏడాది స్ట్రింగర్‌గా, రెండో ఏడాది పీఆర్ సంస్థలో, నాలుగో ఏడాది మళ్ళీ డిజిటల్ న్యూస్‌లో ఉండే మనిషిని అయిదేళ్ళ దగ్గర అడిగితేనే ఈ చదువు అతనికి ఏమిచ్చిందో తెలుస్తుంది. ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. తరగతిలో చురుగ్గా ఉన్నవాళ్ళు రాత్రి షిఫ్టులు, రవాణా, పెళ్ళి తరువాత ఊరు మారడం వంటి కారణాలతో అయిదేళ్ళలో ఎంతమంది వృత్తి వదిలారో తెలియకపోతే దాన్ని సరిదిద్దడం ఎవరి తరమూ కాదు.

ఇలాంటి లెక్క బయటపెడితే ఉన్న కాస్తమంది విద్యార్థులూ రాకుండా పోతారని, సీట్లు మిగిలితే శాఖనే ఎత్తేస్తారని అధ్యాపకులు భయపడవచ్చు. ఆ భయం అర్థం లేనిది కాదు. ప్రభుత్వాలు అంకెలను సాయం చేయడానికి కాక మూసివేతకు వాడుకున్న సందర్భాలు చూశాం. కానీ లెక్క లేని చోట పుకారే రాజ్యమేలుతుంది. జర్నలిజం చదివితే ఏమీ రాదన్న పుకారు ఇప్పటికే ఊరూరా ఉంది. దానికి ఎదురు నిలిచేది నిజమైన జాబితా ఒక్కటే. అందులో ఏపీఆర్వోలు, అధ్యాపకులు, ఫ్యాక్ట్‌చెకర్లు, విలేకరులు ఉంటారు. వృత్తి వదిలి గ్రూప్స్ రాసి తహసీల్దార్లయినవారూ ఉండవచ్చు. వాళ్ళనూ దాచనక్కర లేదు. సమాచారాన్ని అడిగి సాధించడం, సరిచూడడం, ఉన్నదున్నట్టు ప్రచురించడం విద్యార్థులకు నేర్పే శాఖ తన గురించి తాను ఆ పని చేయకపోతే పాఠానికి బలం ఉండదు. ప్రతి శాఖలోనూ ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా రెండో సంవత్సరం విద్యార్థుల చేతే పూర్వ విద్యార్థులను వెతికించి, ఫోన్ చేయించి, పేర్లు దాచి వివరాలు రాయించవచ్చు. విద్యార్థికి అది రిపోర్టింగ్ పాఠం, శాఖకు లెక్క.

అందుకే ఉస్మానియా మొదలు నాగార్జున దాకా ప్రతి జర్నలిజం శాఖకూ, వాటిపై అధికారం ఉన్న రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్ళకూ ఒక విన్నపం. వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాల ప్రకటన వెలువడినప్పుడు సీట్లు, ఫీజు, అర్హతలతో పాటు గడిచిన అయిదు బ్యాచ్‌ల విద్యార్థులు ఇప్పుడు ఏ పనిలో ఉన్నారో, ఎంత సంపాదిస్తున్నారో, ఎంతమంది వార్తారంగంలో మిగిలారో, వారిలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులూ మహిళలూ ఎందరో ఒక్క పేజీలో తెలుగులో అచ్చు వేయండి. శాఖలో శాశ్వత అధ్యాపకులు ఎందరున్నారో, ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో కూడా అదే పేజీలో రాయండి.